పుర్రచెయ్యి

పోయిన నెల తాండూరులో ఒక ఇంటికి పోయాను. ఎవరి ఇల్లో, ఎందుకు పోయానో చివర చెబుతాను. కూర్చోగానే ఆ ఇంటి మనుమరాలు, పన్నెండేళ్ల పిల్ల, చాయ్ తెచ్చింది. కుడి అరచేతికి పెట్టుకున్న గోరింటాకు ఇంకా ఆరలేదు. అందుకని కప్పు ఎడమ చేత్తో అందించింది. లోపల్నుంచి వాళ్లమ్మ చూసి గట్టిగానే కోప్పడింది, ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎడమ చేత్తో ఇస్తారా అని. పిల్ల ముఖం చిన్నబోయింది. నేను నా ఎడమ చెయ్యి చాచి కప్పు అందుకుని, "ఇప్పుడు సరిపోయిందమ్మా" అన్నాను. పిల్ల కిసుక్కున నవ్వింది. వాళ్లమ్మకు మాత్రం నేను వేళాకోళం ఆడుతున్నానో, వయసు మీద పడి మతి తప్పిందో అర్థం కాలేదు.

ఆ చాయ్ తాగినంత సేపూ నాకు మా నాయనమ్మా, వికారాబాదు బడీ, తాండూరు బండల గనీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి.

నేను పుట్టడమే ఎడమచేతి వాటంతో పుట్టాను. మా వైపు దాన్ని పుర్రచెయ్యి అంటారు. బడి కోసం నన్ను వికారాబాదులో నాయనమ్మ దగ్గర ఉంచారు. మిగతా అన్ని విషయాల్లో ఆమె నన్ను నెత్తిన పెట్టుకుంది. జొన్నరొట్టె పెనం మీంచి తీసి, వేడి మీదే వెన్న రాసి, పల్లికారం వేసి పెట్టేది. ఆ వాసనకు పక్కింటి పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవారు. కానీ ఆ రొట్టె మీదికి నా ఎడమ చెయ్యి పోయిందా, దాని మీద ఒక్కటి పడేది. కొన్నాళ్లకు దెబ్బలతో పని కాదని తేల్చుకుని, తినేటప్పుడు నా ఎడమ చేతికి పాత చీర పేలిక చుట్టి ముడేయడం మొదలుపెట్టింది. "బువ్వ దేవుడు కొడుకా. దేవునికి పుర్రచెయ్యి సూపెడ్తరా?" అనేది.

బడిలో పంతులు కూడా ఆమె పార్టీయే. పలక మీద ఎడమ చేత్తో గీత గీస్తే బెత్తం పడేది. చివరికి కుడి చేత్తో రాయడం నేర్చుకున్నాను. ఈనాటికీ నా రాత కోడి గీరినట్టే ఉంటుంది. నలుగురిలో ఉన్నప్పుడు ఎడమ చేతిని నిక్కరు జేబులో దాచుకోవడం అలవాటైపోయింది. దొంగసొమ్ము దాచుకున్నట్టు ఉండేది నాకు.

ఆరో తరగతిలో స్కౌట్లలో చేరాను. దేశసేవ చేద్దామని కాదు. పెద్ద పిల్లల ఖాకీ బట్టలు, మెడలో ఆకుపచ్చ స్కార్ఫు చూసి మనసు పారేసుకున్నాను. మా స్కౌటు మాస్టరు డ్రిల్ సారే. నిజాం కాలంలో డ్రిల్లు నేర్చుకున్న మనిషి. దొరల రాజ్యం పోయి తెలుగు చదువులు వచ్చినా ఆయన ఆజ్ఞలు మాత్రం ఉర్దూలోనే ఉండేవి. ఆయన "హోషియార్" అంటే మైదానం అవతల మేసే మేకలు కూడా తలెత్తేవి. హెడ్మాస్టరుకు ఈ స్కౌట్ల వ్యవహారం గిట్టేది కాదు. చదువు చెడగొట్టే పని అనేవాడు. సారు ఒక్కడే పట్టుబట్టి నడిపించేవాడు.

మమ్మల్ని దళాలుగా విడదీశారు. మా దళనాయకుడు పదో తరగతి. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. వాళ్ల నాయన రైలు పట్టాల గ్యాంగులో పని చేసేవాడు. మా నాయకుడు ఆదివారం పొద్దున చర్చికి పోయి వచ్చి, మధ్యాహ్నం మాకు తాడు ముడులు నేర్పేవాడు. మేమంతా ఆయన్ని అన్న అని పిలిచేవాళ్లం.

మొదటి రోజు అన్న నాకు చెయ్యి ఇవ్వబోతే నేను కుడి చెయ్యి చాచాను. "గది కాదు, ఎడమది తియ్యి" అన్నాడు. నా సంగతి ఎవరో చెప్పేశారనుకున్నాను. జేబులోంచి మెల్లగా తీశాను. అన్న తన ఎడమ చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"పాతకాలం సిపాయి ఎడమ చేత్ల డాలు పట్టేటోడు. డాలు పక్కకు వెట్టి గా చెయ్యి ఇచ్చిండంటే నిన్ను నమ్మిన అన్నట్టు. స్కౌటుకు గిదే చెయ్యి."

ఇన్నేళ్లలో నేను చాలామంది పెద్దల మాటలు విన్నాను. ఇంత హాయినిచ్చిన మాట ఇంకొకటి వినలేదు. ఆ సాయంత్రం జేబులో చెయ్యి పెట్టుకోకుండా ఇంటికి నడిచాను. నా ఎడమ చేతికి ఈ లోకంలో ఒక చోటు దొరికింది. నాయనమ్మ పేలిక కట్టడం మానలేదు, అది వేరే సంగతి.

అయితే అన్న దగ్గర ఒక గుణం ఉంది. కొత్తగా చేరినవాణ్ణి ఆటపట్టించందే ఆయనకు తిన్నది అరిగేది కాదు. వేపాకు ముద్ద చేసి, ఇది స్కౌట్ల మిఠాయి, నమిలి మింగితే జ్వరం రాదని మా చేత తినిపించాడు. సీతాఫలాల రోజుల్లో అనంతగిరికి తీసుకుపోయి, ఒక రాతి గుండు చూపించి, ఇది కిందికి దొర్లితే ఊరు మునుగుతుంది, పట్టుకుని కూర్చోమన్నాడు. అది ఏనుగంత గుండు. నేను గంట సేపు దానికి వీపు ఆనించి కూర్చున్నాను. వాళ్లు అవతల చెట్ల కింద పండ్లు తిని, గింజలు నా మీదికి ఉమ్మారు. దిగేటప్పుడు నా మడమ బొబ్బెక్కి నడవలేకపోతే, ఆ అన్నే నన్ను వీపు మీద వేసుకుని కొండ దింపాడు. దారి పొడుగునా నా వాటా సీతాఫలం నా చేతిలోనే ఉంది. దాన్ని ముందే దాచి ఉంచాడు.

నా ఎడమచేతి వాటం కూడా ఎన్నాళ్లో దాగలేదు. పుర్రోడా అని పేరు పెట్టాడు. వేరేవాళ్లు అంటే ఏడుపొచ్చేది. అన్న అంటే పిలిచినట్టే ఉండేది.

ఒక్క కట్టుబాటు మాత్రం ఆయన ఎన్నడూ దాటలేదు. మూడు వేళ్లు ఎత్తి "స్కౌటు మాట" అన్నాడంటే అది నిజం. అది లేకుండా చెప్పింది ఏదైనా కావచ్చు. ఏదన్నా అనుమానం వస్తే మేము "స్కౌటు మాటేనా అన్నా?" అని అడగాలి. ఆటపట్టిస్తుంటే నవ్వి మాట తప్పించేవాడు. నిజమైతే వేళ్లు లేచేవి. ఇంత సులువు. కానీ అడగాలన్న తెలివి సమయానికి రావాలి కదా.

చలికాలం సెలవుల్లో తాండూరులో మూడు రోజుల క్యాంపు పెట్టారు. చివరి రోజు మాలాంటి కొత్తవాళ్లతో ప్రమాణం చేయించి స్కార్ఫు కడతారు. నేను దాని కోసమే రోజులు లెక్కబెట్టుకున్నాను. పొద్దున ప్యాసింజరు ఎక్కాం. ధారూరు దాటేసరికి బొగ్గు నుసి పడి అందరి ముక్కులూ నల్లబడ్డాయి. నాయనమ్మ కట్టిచ్చిన సద్దిమూటలో రొట్టెలు రైల్లోనే ఖాళీ అయ్యాయి.

ఊరి బయట బండల గని పక్కన గుడారాలు వేశాం. ఒక పక్క పలకలు పలకలుగా పేర్చిన నాపరాళ్లు, ఇంకో పక్క కాయ మీదున్న కందిచేలు. పొద్దున్నే రాతి మీద మంచు తడికి ఒక వాసన వచ్చేది. కొత్త పలక మీద ఉమ్మి తుడిచినప్పుడు వచ్చే వాసన అది. సారు రైతును అడిగి చేలోంచి కందికాయలు తెప్పించి, ఉప్పేసి పెద్ద గంజులో ఉడికించేవాడు. ఒలుచుకుని తింటుంటే వేళ్లన్నీ ఉప్పగా ఉండేవి. నీళ్లకు మాత్రం ఒకటే బావి. అది గని పెద్దాయనది.

గని పెద్దాయన అంటే ఆ గనిలో రాళ్లు కొట్టేవాళ్లందరికీ పెద్ద. తెల్ల రుమాలు చుట్టుకునేవాడు. బషీరాబాదు అవతలి మనిషి, మాటలో కన్నడం కలిసేది, చిన్నవాళ్లను తమ్మా అని పిలిచేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పిల్లలు కదా, తాగండి అని బావి దగ్గర మోకూ బొక్కెనా మాకు వదిలేశాడు.

మొదటి రోజు మధ్యాహ్నం అన్న నన్ను పిలిచి, ఇక్కడ బండలు పొరలు పొరలుగా ఎలా ఉన్నాయో చూశావా, ఇవి పంట, విత్తనం వేస్తేనే మొలుస్తాయి, పోయి గని పెద్దాయన్ని అడిగి దోసెడు బండ గింజలు పట్టుకురా, వికారాబాదులో వేసుకుందాం అన్నాడు. నేను అడగాల్సింది అడగలేదు. పరుగున పోయి పెద్దాయన్ని బండ గింజలు కావాలన్నాను. ఆయన నవ్వలేదు. ఎన్ని ఎకరాలు అని అడిగాడు. ఇంటి వెనక జాగా అని చెప్పాను. నా చొక్కా ఒడి పట్టమని, రాతి చిప్పలు ఒడి నిండా పోసి, "నీళ్లు జర తక్వ పొయ్యి తమ్మా, కుళ్ళిపోతయ్" అన్నాడు. ఆ బరువు మోసుకుంటూ వచ్చేసరికి క్యాంపు మొత్తం కడుపులు పట్టుకుని దొర్లుతోంది. సారు కూడా అటు తిరిగి మీసం తుడుచుకున్నాడు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నవ్వు నాలుగు విధాల చేటు అని పెద్దలు ఊరికే అనలేదు.

రెండో రోజు పొద్దున బావి దగ్గర నీళ్లు చేదుతుంటే పెద్దాయన అటుగా వచ్చాడు. అన్న నా చెవిలో, ఈయన మనకు ఇంత ఉపకారం చేస్తున్నాడు, మన అందరి తరఫునా పోయి ఎడమ చెయ్యి ఇచ్చిరా, మస్తు సంతోషపడతాడు అన్నాడు. ఎందుకో ఆ రోజు అనుమానం వచ్చి "స్కౌటు మాటేనా?" అన్నాను. అన్న బొక్కెన నిండింది చూడు అని అటు తిరిగాడు. నాకు అప్పుడే తెలియాలి. కానీ ఎడమ చెయ్యి అనేసరికి నా బుద్ధి పనిచేయలేదు. ఆ చెయ్యి అందరి ముందూ ఇవ్వడమంటే నాకు పండగ. గబగబా పోయి, ఛాతీ విరుచుకుని, పెద్దాయన ముందు ఎడమ చెయ్యి చాచాను.

ఆయన నా చేతిని చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. ముఖంలో రంగు మారింది.

"దొర మనిషి ఎడమ చేత్తోటి సైగ జేసి పొమ్మనేటోడు నన్ను. గా దినాలు పోయినయనుకున్న. సదువుకునే పిల్లలు గూడ గదే నేర్సిన్రా?"

అంతే. అరవలేదు. బావి మీది మోకూ బొక్కెనా తీసుకుని, గని వైపు నడిచి పోయాడు. వెనక నవ్వడానికి సిద్ధంగా ఉన్న పెద్ద పిల్లల నోళ్లు అలాగే ఉండిపోయాయి. పెద్దాయన నాలుగు తిట్లు తిడతాడు, అందరం నవ్వుకుంటాం అని అన్న లెక్క. ఆయన పడ్డ పాట్లు మాకెవరికీ తెలియవు.

సంగతి సారుకు తెలిసింది. అందర్నీ వరసలో నిలబెట్టాడు. నీళ్లు లేకపోతే మధ్యాహ్నం బండికి తిరిగి పోవాల్సిందేనన్నాడు. మధ్యలో తిరిగొస్తే హెడ్మాస్టరు ఏమంటాడో మాకు తెలుసు. స్కౌట్లు ఆ రోజుతో సరి. నా స్కార్ఫు కూడా దాంతోనే పోతుంది. ఎడమ చెయ్యి ఇమ్మని ఎవరు చెప్పారని సారు నన్ను అడిగాడు. నేను నేల చూశాను. చెబితే అన్న పోతాడు. నా చేతిని పట్టుకున్నవాడు ఆయన ఒక్కడే.

అన్న తనే వరసలోంచి ముందుకొచ్చాడు. మూడు వేళ్లు ఎత్తాడు. "నేనే జెప్పిన సార్. నవ్వులాటకు జెప్పిన" అన్నాడు. సారు అన్న మెడలోంచి నాయకుడు ఊదే సీటీ తీసి తన జేబులో వేసుకున్నాడు. ఇద్దరూ పోయి పెద్దాయన కాళ్లు పట్టుకుంటారో ఏం చేస్తారో, బండి వేళకు నీళ్లు రావాలి అన్నాడు.

గని దాకా ఇద్దరం నడిచాం. అన్న తల దించుకుని ముందు నడుస్తున్నాడు. నాకు క్యాంపు గురించి బెంగ లేదు, స్కార్ఫు గురించి కూడా లేదు. లోపల వేరే ప్రశ్న తొలుస్తోంది. సగం దారిలో ఆగి అడిగేశాను.

"అన్నా, మొదటి దినం నాకిచ్చిన చెయ్యి గూడ నవ్వులాటకేనా?"

అన్న వెనక్కి తిరిగాడు. ఏదో చెప్పబోయాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదలు. అయినా ఆ క్షణాన నాకు జాలి కలగలేదు. జవాబు కావాలి నాకు, అది రాలేదు.

పెద్దాయన ఒక పెద్ద బండ పక్కన కూర్చుని ఉన్నాడు. అన్న చేతులు కట్టుకుని, తప్పు నాది, వీడు అమాయకుడు, వీడికి ఏమీ తెలియదు అని చెప్పాడు. ఎడమ చెయ్యి ఎందుకిస్తారో, ఆ డాలు సంగతి మొత్తం చెప్పాడు. పెద్దాయన అంతా విని, నమ్మకం అంటే నోటితో చెప్పేది కాదన్నాడు. బండ మీద ఎర్రటి గీత గీసి ఉంది. ఒక ఉలి నా చేతిలో పెట్టి, గీత మీద నిలబెట్టి పట్టుకోమన్నాడు. ఒక చిన్న సుత్తి అన్న చేతికిచ్చాడు. నువ్వు కొట్టు అన్నాడు.

నేను ఉలి ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఉలి పట్టాల్సింది ఆ చేత్తోనేనని నాకు తెలియదు. నాకు వచ్చింది అదే, అందుకని పట్టుకున్నాను. అన్న సుత్తి ఎత్తాడు. దించేశాడు. మళ్లీ ఎత్తి, మళ్లీ దించాడు. వందమందిని ఆటపట్టించిన మనిషి, నా వేళ్లకు జానెడు దూరంలో సుత్తి వెయ్యలేక చెమటలు కక్కుతున్నాడు. నాకూ భయంగానే ఉంది. నిన్న బండ గింజలు తెమ్మన్నవాడు, ఇవాళ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినవాడు, ఇప్పుడు నా వేళ్ల మీద సుత్తి ఎత్తాడు. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది.

అన్న సుత్తి ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి మూడు వేళ్లు ఎత్తాడు. "గా దినం ఇచ్చింది నవ్వులాటకు కాదురా పుర్రోడా. స్కౌటు మాట."

నాకు కావలసిన జవాబు దొరికింది. "కొట్టన్నా" అన్నాను.

కొట్టాడు. దెబ్బ ఉలి నెత్తి మీద సరిగ్గా పడింది. మోచేతి దాకా జిల్లుమంది. పెద్దాయన ఉలిని గీత వెంట జరపమన్నాడు. జరిపాను, కొట్టాడు. అలా గీత చివరి దాకా పోయాం. ఆఖరున పెద్దాయన గడ్డపార మొనతో ఒక్కసారి ఎత్తేసరికి బండ ఆ గీత వెంటే రెండుగా విడిపోయింది. లోపలి రాయికి గాలి తగలడం అదే మొదలు కదా, పచ్చి వాసన వచ్చింది.

"నీ పుర్రచెయ్యి గట్టిది. కదలలే" అన్నాడు పెద్దాయన నాతో. ఆ చేతిని ఒకరు మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

తర్వాత తన ఎడమ చెయ్యి చూపించాడు. బొటనవేలికి గోరు లేదు. రెండు వేళ్లు వంకర తిరిగి ఉన్నాయి. "గివి వంగింది మా అన్న కొట్టిన దెబ్బలకే. సుత్తి పట్టిన చెయ్యి తప్పు జేస్తది, దెబ్బ ఉలి పట్టిన చెయ్యి తింటది. అయినా తెల్లారి మల్ల గాయిన ముందట్నే ఉలి వట్టిన. గట్లయితేనే ఇద్దరికి పని సాగుతది" అన్నాడు. ఆ చేతిని ధోవతికి తుడుచుకుని, రమ్మంటూ నా వైపు చాచాడు. "బా తమ్మా, ఇయ్యి నీ చెయ్యి."

ఇచ్చాను. అన్నకు కూడా ఇచ్చాడు, కానీ ముందు నాకిచ్చాడు. మోకూ బొక్కెనా మేమిద్దరం మోసుకుని వచ్చాం. ఆ పూట అన్న వంటకు కావలసిన నీళ్లన్నీ తనొక్కడే చేదాడు.

మూడో రోజు ప్రమాణం చేశాను. స్కార్ఫు సారు కడతానంటే, అన్నతో కట్టించండి సార్ అని అడిగాను. సారు ఒక్క క్షణం ఆలోచించి పక్కకు జరిగాడు. సీటీ మాత్రం అన్నకు నెల రోజుల దాకా తిరిగివ్వలేదు. సారు అలాంటివాడు. ఇంటికి పోయి నాయనమ్మకు కథంతా చెప్పాను. స్కౌటు గీటు జాన్తా నై, కుడి చేత్తో తిను అంది. కానీ పేలిక కట్టడం ఆ రోజు నుంచి మానేసింది.

ఇప్పుడు ఆ ఇల్లు ఎవరిదో చెప్పాలి. అన్నదే. రైల్వేలో చేసి తాండూరులో రిటైరై అక్కడే స్థిరపడ్డాడు. మధ్యలో ఎన్నో ఏళ్లు కలవలేదు. ఆర్నెల్ల కింద పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిందని తెలిసి చూడబోయాను. నేను చాయ్ తాగేసరికి ఆయన నిద్ర లేచాడు. కోడలు, అదే ఆ పిల్ల తల్లి, కుర్చీలో కూర్చోబెట్టి, "మామకు కుడి చెయ్యి లేస్తలేదు. ఎడమ చెయ్యి ఇస్తే ఏమనుకోకున్రి" అంది నాతో.

అన్న ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. నా ఎడమ చేత్తో పట్టుకున్నాను. పట్టు ఇంకా ఉంది. మనుమరాలు గోరింటాకు చెయ్యి గాలిలో పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ వింతగా చూస్తోంది. ఈ చెయ్యి లేకపోతే నా ఎడమ చెయ్యి ఎన్నాళ్లు జేబులో ఉండేదో అనిపించింది. నేను బతుకులో ఎవరినైనా నమ్మగలిగానంటే, నా తర్వాత స్కౌట్లలో చేరిన పిల్లలు కొందరు నన్ను నమ్మారంటే, దానికి విత్తనం ఆ గనిలోనే పడింది. ఆ మాటే చెబుదామనుకున్నాను. అన్న నన్ను చెప్పనివ్వలేదు. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది, కళ్లలో మాత్రం ఆ పాత పోకిరి అలాగే ఉన్నాడు.

"బండ గింజలు మొలిచినయారా పుర్రోడా?"

"మొలిచినయన్నా."

"స్కౌటు మాటేనా?"

నేను కుడి చెయ్యి మూడు వేళ్లు ఎత్తాను. ఆ మాటను ఎన్నడూ అబద్ధానికి వాడలేదు. ఆ రోజు కూడా వాడలేదు.